హేగ్‌లో కోరమాండల్ కాగితాలు: నా అనుభవం

నా పీహెచ్‌డీ పదిహేడో శతాబ్దంలో పాలకొల్లు, ద్రాక్షారామం, మచిలీపట్నం చుట్టుపక్కల నేతగాళ్ళ మీద. వాళ్ళ దగ్గర బట్ట కొన్నది ఎక్కువగా డచ్చి ఈస్టిండియా కంపెనీ. మా సర్కిల్లో అందరం వీఓసీ అంటాం. టాపిక్ ఖాయం కాగానే డిపార్ట్‌మెంట్‌లో సీనియర్లంతా ఒకే సలహా ఇచ్చారు: "ఎగ్మూర్‌లో డచ్చి రికార్డులు ఉన్నాయిగా, రాత్రి రైలెక్కితే పొద్దున్నకి అక్కడుంటావు."

ఉన్నాయి, నిజమే. కానీ తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్న డచ్చి కాగితాలు చాలావరకు కొచ్చిన్ నుంచి వచ్చినవి. మలబారు సంగతులు. మన తీరం, అంటే కోరమాండల్ కబురు కావాలంటే కంపెనీకి ఇక్కడ ముఖ్య స్థావరమైన పులికాట్ నుంచి, 1690 తర్వాత నాగపట్నం నుంచి, బటావియాకీ (ఇప్పటి జకార్తా) అక్కణ్ణించి నెదర్లాండ్స్‌కీ వెళ్ళిన ఉత్తరాల నకళ్ళే దిక్కు. అవి హేగ్‌లో, సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వీఓసీ కాగితాలే అక్కడ దాదాపు 1.2 కిలోమీటర్ల అల్మరాలు నింపాయి. కంపెనీ 1602లో పుట్టి 1799 చివర్లో మూతపడింది. ఆ రెండు వందల ఏళ్ళూ గుమాస్తాలు చెయ్యి దించకుండా రాస్తూనే ఉన్నారన్నమాట.

"అవన్నీ నెట్‌లో పెట్టేశారట కదా, మరి అక్కడిదాకా ఎందుకు?" అని ఇంట్లోవాళ్ళూ అడిగారు, గ్రాంట్ ఇంటర్వ్యూలోనూ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. స్కాన్లు చాలా ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. ఆసియా నుంచి కంపెనీ డైరెక్టర్లకు వెళ్ళిన ఉత్తరాలు సుమారు 50 లక్షల పేజీలు. గ్లోబలైజ్ అనే ప్రాజెక్టు వాటి చేతిరాతను కంప్యూటర్ చేత చదివించి, వెతుక్కోవడానికి వీలుగా పెడుతోంది. పైగా స్కానైన సంపుటం అసలు ప్రతి కావాలంటే రీడింగ్ రూమ్‌లోనూ మామూలుగా ఇవ్వరు, తెర మీదే చూసుకోమంటారు. నేను చెప్పిన జవాబు ఒకటే: కాగితం నా లాప్‌టాప్‌లో ఉంది, చదవడం నేర్పేవాళ్ళు ఇక్కడ లేరు.

డచ్ భాష ఇక్కడుండగానే ఆన్‌లైన్‌లో మొదలుపెట్టాను. అది ఊహించినంత కష్టం కాలేదు. చాలా వాక్యాల్లో క్రియ చివరికి పోతుంది. అది మనకి పుట్టుకతో వచ్చిన అలవాటే. అసలు టెన్షన్ చేతిరాతతో. ఆ కాలపు రాతలో ఎన్, ఎమ్, యు, ఐ అక్షరాలన్నీ ఒకేలాంటి చిన్న నిలువు గీతలు. ఒక మాటలో వరసగా ఏడెనిమిది గీతలుంటే ఎక్కడ విడగొట్టాలో తెలియదు. ఇ అక్షరం వెనక్కి తిరిగి ఉంటుంది. హెచ్ తోక కింది లైన్లోకి దిగి అక్కడి అక్షరాన్ని చెడగొడుతుంది. సిరా ఇనుముతో చేసింది కాబట్టి కాగితాన్ని తినేస్తూ వెనకవైపుకి దిగింది. ఒక పేజీ చదువుతుంటే రెండో వైపు రాత కూడా అద్దంలో బొమ్మలా అడ్డొస్తుంది.

హేగ్ దగ్గరే ఉన్న యూనివర్సిటీ ఊరు లైడెన్‌లో ఈ పాత రాత చదవడం నాకు నేర్పిన మేడమ్ పద్ధతి తమాషాగా ఉండేది. మొదటి వారం నన్ను ఒక్క ముక్క కూడా అర్థం చేసుకోనివ్వలేదు. పేజీ మీద కనబడిన గీతను కనబడినట్టు కాగితం మీద దించమనేవారు, అంతే. "అర్థం ఊహించావంటే కన్ను అబద్ధం చెబుతుంది" అనేవారు. ఆ తర్వాత ఒకే గుమాస్తా రాసిన పది పేజీలు ఇచ్చారు. ఒక మనిషి చెయ్యి అలవాటైతే పని సగం అయినట్టే. వెంటనే ఇంకో గుమాస్తా రాత ఇచ్చారు, నేను మళ్ళీ అఆల దగ్గరికి వచ్చాను.

కంప్యూటర్ చదివిన పాఠం బాగానే సాయం చేసింది. కాకపోతే మాకు కావాల్సిన చోటే, అంటే మన ఊళ్ళ పేర్లు, మన మనుషుల పేర్ల దగ్గరే, అది ఎక్కువ తడబడుతుంది. ఒకే ఊరిని ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాశాడు మరి. నేను స్పెల్లింగుల పట్టిక ఒకటి తయారుచేసుకుని గోడకి అంటించుకున్నాను. ఈ పని మీద వెళ్ళే ఎవరికైనా మొదట ఆ పట్టిక చేసుకోమనే చెబుతాను.

డబ్బు, వీసా సంగతి టూకీగా చెప్పేస్తాను. పీహెచ్‌డీ వాళ్ళకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ నెలకి 37,000 రూపాయలు. అందులో యూరప్ ఖర్చు నెగ్గుకురాలేం. ప్రయాణపు గ్రాంటుకి అప్లై చేశాను, వచ్చింది, కానీ డబ్బు అకౌంట్లో పడేసరికి నేను తిరిగొచ్చేశాను. టికెట్టు మా అన్నయ్య కార్డు మీద కొన్నాం. నెదర్లాండ్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే షెంజెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి, 180 రోజుల్లో 90కి మించి ఉండకూడదు. ఆహ్వాన పత్రంలో ఎక్కడుంటాం, ఎవరు భరిస్తారు అన్నవి స్పష్టంగా రాయించుకుంటే మిగతాది తేలిక.

హేగ్ ఆర్కైవ్స్‌లో బ్యాగు లాకర్లో పెట్టి, పెన్సిలు, లాప్‌టాప్ మాత్రం లోపలికి తీసుకెళ్ళాలి. లైడెన్‌లో మాత్రం 2017లో తెరిచిన ఏషియన్ లైబ్రరీకి అతుక్కుపోయాను. 1851లో మొదలైన కేఐటీఎల్‌వీ అనే సంస్థ పుస్తకాలు, పటాలు కూడా ఇప్పుడు ఆ యూనివర్సిటీ లైబ్రరీలోనే ఉన్నాయి. ఏ ఊరు ఏ కాలవ పక్కన ఉందో పటంలో చూశాక ఉత్తరాలు బాగా అర్థమయ్యాయి.

ఆ ఉత్తరాల్లో మనవాళ్ళు కనబడేది ఎక్కువగా ఫిర్యాదుల్లోనే. అడ్వాన్సు తీసుకున్న నేతగాడు బట్ట ఇంకొకరికి అమ్మేశాడు. నమూనాతో పోలిస్తే పోగు పల్చగా ఉంది. చిరివేరు నుంచి తీసే ఎర్ర రంగు సరిగ్గా ఎక్కలేదు. పేర్లతో కనబడేవాళ్ళు పెద్ద వర్తకులు. పులికాట్‌లో కంపెనీతో వ్యాపారం నడిపిన మలయ, చిన్నన్న చెట్టి అన్నదమ్ముల్లాంటి వాళ్ళు. నేతగాడికి పేరుండదు, బాకీ ఉంటుంది. ఇంకొకటి, నేను వెతుక్కుంటూ వెళ్ళనిది: 1620ల పులికాట్ కాగితాల్లో బట్టల బేళ్ళతో పాటు బటావియాకి పంపిన బానిసల లెక్కలు. బేళ్ళు ఎన్ని, మనుషులు ఎందరు అని ఒకే చేత్తో, ఒకే నిదానంతో రాసిన వరసలు. నా థీసిస్ నేత మీదే అయినా ఆ పేజీలు పక్కన పెట్టబుద్ధి కాలేదు. అప్పటి నెదర్లాండ్స్ ప్రధాని 2022 డిసెంబరు 19న బానిసత్వానికి క్షమాపణ చెప్పింది ఈ ఆర్కైవ్స్ భవనంలోనే.

నేను పేపర్ చదవాల్సిన వర్క్‌షాప్ నా ప్రయాణం చివర్లో పడింది. తలకి పావుగంట, తర్వాత ప్రశ్నలు. ఇండోనేషియా, శ్రీలంక, దక్షిణాఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు; అందరివీ ఇదే కంపెనీ కాగితాలు, ఎవరి తీరం వాళ్ళది. నా వాదన ఇదీ: కంపెనీ మోసం అని ఫిర్యాదు చేసిన దాన్ని తిప్పి చదివితే, అది నేతగాడి బేరంలా కనబడుతుంది. కొనేవాళ్ళు ఎక్కువమంది ఉన్న రోజుల్లో అడ్వాన్సు వెనక్కిచ్చేసి మంచి ధర ఇచ్చేవాడికి అమ్ముకునే వెసులుబాటు అతనికి ఉండేది.

శ్రీలంక నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు ఒక్క ప్రశ్నే అడిగారు: "బాగుంది, కానీ మీ నేతగాడు బేరం ఆడాడని చెప్పేది కూడా ఆ గుమాస్తాయే కదా?" నాకు చెమటలు పట్టాయి. 1682–83 నాటి ఇంగ్లీషువాళ్ళ మచిలీపట్నం మినిట్స్ పుస్తకంతో పోల్చి చూస్తానన్నాను. "అదీ ఇంకో గుమాస్తాయే" అన్నారాయన నవ్వుతూ. టీ బ్రేక్‌లో వచ్చి పక్కన కూర్చుని, తెలుగులో ఏమున్నాయని అడిగారు. బ్రిటిష్ అధికారి మెకంజీ రాయించిన కైఫీయతుల గురించి, అంటే ఊరూరి చరిత్రల గురించి చెప్పాను. "పేపర్లో అవి లేవే?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు పేపర్ సవరించి పంపమన్నారు, గడువు ఇచ్చారు. వచ్చే నెల చెన్నై వెళ్తున్నాను, ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీలో కృష్ణా గోదావరి ఊళ్ళ కైఫీయతులు చూడటానికి. మా గైడ్ గారు ముందే హెచ్చరించారు: అవి 1800 అటూ ఇటూ రాయించినవి, వందేళ్ళ కిందటి మాట అందులో దొరికితే ఎవరు చెప్పగా ఎవరు రాశారో ముందు తేల్చుకోమని. థీసిస్‌లో దీని మీద రాసే అధ్యాయానికి గడువు పెంచమని గైడ్ గారిని అడిగాను. సరే అన్నారు, కానీ డచ్ మర్చిపోకుండా రోజుకో పేజీ దించమన్నారు.