బతుకమ్మకు జాగా ఉన్న తోట

వికారాబాద్ దగ్గర మా ఊరిలోని ఎకరం ఇరవై గుంటల ఎర్రనేలలో తోట వేస్తానని ఏడేళ్ల క్రితం చెప్పినప్పుడు, మా అమ్మ అడిగింది ఒక్కటే: "బతుకమ్మ ఆడే జాగ ఏడ పెడ్తున్నవ్ బిడ్డా?" తోట నక్షా ఆ ప్రశ్న నుంచే మొదలుకావలసింది. నేను మాత్రం ముందుగా ఇంటి ముంగిట, నీడలేని చోట తాండూరు బండలు పరిపించాను. ఏప్రిల్‌లో చుట్టాలు వచ్చిన రోజు, రాత్రి ఎనిమిది గంటలకు కూడా ఆ బండలు కాలుతూనే ఉండటంతో, చాపలు తీసుకొని అందరూ తూర్పువైపు ఉన్న రెండు పాత వేపచెట్ల కిందికి వెళ్లిపోయారు. మనుషులు తమంతట తాము ఎక్కడ కూర్చుంటారో అప్పుడు తెలిసింది.

మరుసటి ఏడాది బండలను చాలావరకు తీయించి నడకదారికి వాడుకున్నాము. వేపల పక్కన నలభై అడుగుల గుండ్రని జాగాలో మొరం పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాము. పండుగకు ముందు దాని మీద సాన్పి (పేడనీళ్ల కల్లాపి) చల్లుతాము. చెట్ల చుట్టూ అడుగున్నర ఎత్తున అరుగులు కట్టించాము కానీ, మొదలు చుట్టూ మట్టి పోస్తే బెరడు కుళ్లుతుంది కనుక రెండడుగుల ఖాళీ వదిలి, వాన నీరు వేళ్లకు చేరేలా రాళ్ల సందులను సిమెంటుతో పూడ్చకుండా ఉంచాము. వానాకాలంలో గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి, వంట పొయ్యిలు ఆ జాగాకు తూర్పున ఉన్నాయి.

దక్షిణపు కంచె వెంబడి నర్సరీవారి మాట విని మొదట కోనోకార్పస్ అనే అలంకార చెట్లు నాటాను. 2023లో గుజరాత్ ప్రభుత్వం వాటిని నాటడాన్ని నిషేధించినట్లు చదివిన తరువాత పీకించి, తంగేడు గింజలను ఒక రాత్రి వేడినీళ్లలో నానబెట్టి తొలకరికి వేశాను. తంగేడుకు నీళ్లు పెట్టే పని పెద్దగా లేదు, మేకలు కూడా అంతగా ముట్టవు. దాని మీద లేతాకుపచ్చ సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. ఒకసారి పూలు కోస్తున్న అమ్మ చేయి ఒక కొమ్మ దగ్గర ఆగిపోయింది. ఆకు ఈనె వెంబడి, అచ్చం ఆకు రంగులోనే, ఒక గొంగళిపురుగు పడుకొని ఉంది. అమ్మ ఆ కొమ్మను వదిలేసి పక్క మొక్కకు వెళ్లింది. తంగేడులాగే బతుకమ్మలో పేర్చే గునుగును మాత్రం నాటనవసరం లేదు. ఒక మూలన ఎనిమిది గుంటలు దున్నకుండా, కలుపుమందు చల్లకుండా వదిలితే వానలకు దానంతట అదే మొలుస్తుంది. మా ఊరి చేలలో అరుదైపోయిన ఆ పూల కోసం ఇప్పుడు ఇరుగుపొరుగు ఆడవాళ్లు మా తోటకే వస్తున్నారు.

పల్లంలో నాలుగడుగుల లోతు కుంట తవ్వించి, ఒక ఒడ్డును ఏటవాలుగా వదిలాము. అటు నుంచే కొంగలు దిగుతాయి, అటు నుంచే ఆడవాళ్లు బతుకమ్మలను నీటిలో వదులుతారు. నీటి మీదికి వంగిన ఈతచెట్టుకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతాయి కనుక ఆ వైపు దీపాలు పెట్టలేదు. మిగిలిన దీపాలు మోకాలెత్తుకు మించవు, ఆట ముగియగానే ఆర్పేస్తాము. సద్దుల బతుకమ్మ మరునాడు పొద్దున్నే, పూలు కుళ్లితే చేపలకు ఊపిరాడదు కాబట్టి, నేనూ అమ్మా వెదురు గంపలతో వాటిని తీసి ఎరువు గుంతలో వేస్తాము. ఎండిన గునుగు కంకులను అమ్మ వేరుగా ఏరి, గింజలు రాలేలా ఆ ఎనిమిది గుంటల్లో చల్లి వస్తుంది.