మూడెకరాల ఎర్రచందనం: గోడ కట్టాలా, కంచె వేయాలా? నా అనుభవం

మాది ఉదయగిరి అవతల, వెలిగొండల కింద గరుసు నేల. మూడెకరాల పట్టాలో నాలుగు మీటర్ల ఎడంతో నాటిన ఎర్రచందనం ఏడువందల యాభై చెట్ల దాకా ఉంది. చెట్టు చేవ (లోపలి గట్టి ఎర్ర చెక్క) పట్టే వయసుకు రాగానే ఇటువైపు రైతులంతా అడిగేది ఒకటే: "చుట్టూ గోడ కట్టేస్తే పీడ పోతుంది కదా?" పోదు. గోడకు పోసే డబ్బులో పదో వంతు పెడితే అంతకంటే గట్టి కాపలా దొరుకుతుంది. మిగతా పని కాగితాలు చేస్తాయి. కంచె మొదలు ట్రాన్సిట్ పర్మిట్ (కలప రవాణా అనుమతి) దాకా మేం చేసిన పనులు లెక్కలతో సహా రాస్తున్నాను.

ముందు గోడ సంగతి. మా చేను చుట్టుకొలత 460 మీటర్లు, అంటే 1,510 అడుగులు. పునాది తీసి, మధ్యమధ్య పిల్లర్లు పోసి, ఆరడుగుల ఇటుక గోడ కట్టడానికి అడుగుకు పన్నెండు వందలకు తక్కువ ఎవరూ ఒప్పుకోరు. పద్దెనిమిది లక్షలు. దాన్ని దాటడానికి ఓ నిచ్చెన చాలు. నిచ్చెన లేకపోతే గడ్డపారతో కింద నాలుగు ఇటుకలు పీకితే మనిషి దూరే సందు వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, గోడ లోపల ఏం జరుగుతోందో దారిన పోయేవాళ్లకు కనపడదు. దొంగకు కావలసిందే అది.

దేశాల సరిహద్దుల్లోనూ ఇదే తేలింది. మెక్సికో సరిహద్దులో అమెరికా 2017, 2021 మధ్య 458 మైళ్ల ఉక్కు గోడ కట్టింది. చాలావరకు పాత కంచె తీసి కట్టిందే. దానికి కేటాయించింది దాదాపు 1,500 కోట్ల డాలర్లు. 2019 నుంచి 2021 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆ గోడను 3,272 సార్లు కోశారు. కోతకు వాడింది బజార్లో దొరికే బ్యాటరీ రంపాలే. హెరాయిన్, ఫెంటానిల్ ఎక్కువగా పట్టుబడేది కూడా గోడ దగ్గర కాదు, రోజూ కార్లు, జనం దాటే అధికారిక గేట్ల దగ్గర. మన ఎర్రచందనమూ అంతే. చెన్నై, ముంద్రా, నవాషేవా రేవుల్లో దొరికిన కంటైనర్ల మీద వేరే సరుకు పేరుతో కాగితాలున్నాయి. కొండ దగ్గర మొదలైన దొంగతనం చివరికి కాగితం మీదే దేశం దాటుతోంది.

కంచె వేసేముందు దొంగ పని ఎలా సాగుతుందో తెలియాలి. ఎర్రచందనం చేవ నీళ్లలో మునిగేంత బరువు. మీటరు పొడవు, ఇరవై సెంటీమీటర్ల మందం ఉన్న దుంగ ముప్పై అయిదు కిలోల చుట్టుపక్కల తూగుతుంది. ఒక మనిషి ఒకసారికి మోయగలిగింది అలాంటిది ఒక్కటే. చెట్టు కోయడం చేతి రంపంతో పావుగంట పని. దాన్ని ముక్కలు చేసి, చేవ మీది తెల్లచెక్క చెక్కి, బండి దాకా మోయడానికి దానికి నాలుగైదింతలు పడుతుంది. కాబట్టి బండిని చెట్టుకు ఎంత దూరంలో ఆపగలిగితే మనకు అంత టైము చిక్కుతుంది. మనిషిని ఆపడం ఎవరి తరమూ కాదు. బండిని ఆపొచ్చు.

అందుకే మేం ముందు కందకం తవ్వించాం. చుట్టూ అక్కర్లేదు, బండ్లబాట వైపు, వాగు వైపు కలిపి రెండు వందల మీటర్లు చాలింది. పైన రెండు మీటర్లు, అడుగున ఒక మీటరు వెడల్పు, మీటరున్నర లోతు. ఈ గరుసులో జేసీబీ గంటకు పాతిక ఘనపు మీటర్ల దాకా తీస్తుంది. నాలుగు వందల యాభై ఘనపు మీటర్లకు ఇరవై గంటల లోపే అయిపోతుంది. గంటకు పన్నెండు వందల చొప్పున పాతిక వేలు అనుకోండి. తీసిన మట్టిని లోపలి వైపే గట్టుగా పోయించాలి, గట్టుకూ కందకానికీ మధ్య రెండడుగులు వదలాలి. అంచునే పోస్తే మొదటి పెద్ద వానకే గట్టు జారి కందకం పూడుతుంది. వాగు వైపు వాలులో కందకాన్ని ఏకధాటిగా తవ్వకూడదు, అది కాలవై కోసుకుపోతుంది. ముప్పై మీటర్లకోసారి మీటరు మేర తవ్వని అడ్డు వదిలేస్తే నీళ్లు నిలబడి ఇంకుతాయి. గట్టు మీద అడుగున్నరకొకటి చొప్పున కిత్తనార పిలకలు నాటాం. నాలుగేళ్లకు ముళ్లతో అల్లుకుంది, ఖర్చు కూలీ మాత్రమే.

ఇక కంచె. ఏడడుగుల రాతి కూసాలు, రెండడుగులు భూమిలోకి, పదడుగులకొకటి. చుట్టూ 151 వస్తాయి. మూలల్లో రెండు వైపులా ఊతరాళ్లు, నూటయాభై అడుగులకోసారి మళ్లీ ఊతరాళ్లు, గేటు రాళ్లు కలిపి నూట ఎనభై తెప్పించుకోవాలి. రవాణాతో ఒక్కోటి నాలుగు వందలు, మొత్తం డెబ్భై రెండు వేలు. తీగ పన్నెండు గేజీ ముళ్లతీగ. పద్నాలుగు గేజీ కిలోకు ఎక్కువ మీటర్లు వస్తుందని చాలామంది అదే కొంటారు. కానీ అది సన్నం, తెంపడం సులువు. పన్నెండు గేజీ కిలోకు ఎనిమిది మీటర్లు. ఆరు వరసలకు 2,760 మీటర్లు, అంటే 345 కిలోలు. మూలల చుట్లు, అతుకులు కలిపి 360 తీసుకోవాలి. కిలో వంద చొప్పున ముప్పై ఆరు వేలు. గుంతలు, లాగుడు, కట్టుడు కూలీ, కట్టుతీగ ముప్పై అయిదు వేలు. కందకంతో కలిపి మొత్తం లక్షా డెబ్భై వేల లోపు. గోడకూ దీనికీ తేడా పదహారు లక్షలు. జీతం పెరగదనుకుంటే ఆ డబ్బుతో నెలకు పదివేలిచ్చి కాపలా మనిషిని పదమూడేళ్లు పెట్టుకోవచ్చు.

కంచె చెడేది రెండు చోట్ల. మొదటిది మూల. ఆరు వరసల తీగ లాగుడంతా మూల కూసం మీదే పడుతుంది. ఊతరాయి కాలు కాంక్రీటులో లేకపోతే ఒక వానాకాలానికే కూసం లోపలికి ఒరుగుతుంది, తీగలన్నీ ఊగిసలాడతాయి. రెండోది కట్టు. దొంగ తీగను కోయడు, కోస్తే పొద్దున్నే తెలిసిపోతుంది. కూసానికి కట్టిన సన్నని కట్టుతీగను కట్టింగ్ ప్లేయరుతో తెంపి, కింది రెండు వరసలు పైకెత్తి దూరి, పోయేటప్పుడు మళ్లీ తగిలించి పోతాడు. దూరం నుంచి కంచె నిక్షేపంగా కనపడుతుంది. అందుకే కట్లన్నీ ఒకే తరహాలో, మూడు చుట్లు, మొన లోపలికి మడిచి కట్టించాం. వేరే చెయ్యి పడితే చుట్ల లెక్కలోనో, మొన తిరిగిన వైపులోనో తేడా వస్తుంది. కంచె వెంట లోపల పదడుగుల బాట ఎప్పుడూ శుభ్రంగా ఉంచాలి. తిరిగి చూసుకోవడానికి బాట అదే, ఎండాకాలం కార్చిచ్చు రాకుండా ఆపేదీ అదే.

లోపల నడిచేటప్పుడు చూడాల్సింది చెట్టు మొదలు. పెద్ద చెట్టు బెరడు నల్లగా, మొసలి చర్మంలా పగుళ్లు తేలి ఉంటుంది. మోకాలెత్తులో బొటనవేలంత గాటు, దాని చుట్టూ రక్తంలా కారి గడ్డకట్టిన ఎర్రటి జిగురు కనిపించిందంటే ఎవరో చేవ ఎంత పట్టిందో చూసుకుని వెళ్లినట్టే. చెట్టు పోయేది ఆ తర్వాతే. గాటు కనిపించిన వెంటనే ఫొటో తీసి, అటవీ శాఖ రేంజి ఆఫీసులో రాసిచ్చి, ఆ వైపు కాపలా పెంచాలి.

కరెంటు గురించి గట్టిగా చెప్పాలి. అడవి పందుల పేరు చెప్పి స్తంభం నుంచి నేరుగా వైరు లాగి కంచెకు తగిలించడం నేరం. దానికి పశువులూ చనిపోతాయి, మనుషులూ చనిపోతారు. సోలార్ ఫెన్సింగ్ వేరు. అది ఒక్క క్షణం కొట్టి వదిలే దెబ్బ, పందులకు పనికొస్తుంది, దొంగ ఎండుకర్రతో తీగ ఎత్తి దూరతాడు. తోటలోకి దొంగతనానికి వచ్చేది కూలీ మనిషి. అతణ్ని పంపిన స్మగ్లరు ఎక్కడో ఉంటాడు, ముందు దారి చూసే పైలట్ కారు పంపి వెనక బండి నడిపిస్తాడు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో ఎర్రచందనం కొడుతున్నారంటూ పోలీసులు జరిపిన కాల్పుల్లో చనిపోయిన ఇరవై మందీ తమిళనాడు నుంచి వచ్చినవాళ్లే. చెట్టు కోసం మనిషి ప్రాణం తీసే కంచె మన చేలో ఉండకూడదు.

ఇంతకంటే ముఖ్యమైన కాపలా రిజిస్టరు. ప్రతి చెట్టుకూ నంబరు వేసి, నాలుగున్నర అడుగుల ఎత్తులో చుట్టుకొలత కొలిచి, ఏడాదికోసారి పుస్తకంలో ఎక్కించాలి. చెట్టు పోతే రైతుకు రెండు నష్టాలు. కలప ఎలాగూ పోయింది. దానికి తోడు లెక్కలో ఒక నంబరు తగ్గితే రైతే దొంగచాటుగా అమ్ముకున్నాడేమోనన్న అనుమానం వస్తుంది. అడవిలో కొట్టిన దుంగను పట్టా దుంగగా చూపించి అమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టి అధికారులు అలా చూడటంలో తప్పు లేదు. అందుకని చెట్టు పోయిన రోజే మోడును కదపకుండా, తెగిన కట్టుతీగను అలాగే ఉంచి, ఫొటోలతో పోలీసు స్టేషన్‌లోనూ రేంజి ఆఫీసులోనూ ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. కంచె నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. తెగిన కంచె సాక్ష్యం. కంచే లేని చేలో పోయిన చెట్టుకు సాక్ష్యం ఏం చూపిస్తాం?

కోత అనుమతికి అటవీ శాఖ అధికారి అయిన డీఎఫ్‌ఓకు అర్జీ పెట్టాలి. పట్టాదారు పాసుపుస్తకం, 1బి (భూమి హక్కుల రికార్డు), అడంగల్ (పంటల రికార్డు), ఈసీ (భూమి లావాదేవీల పత్రం), ఎఫ్‌ఎంబీ (చేని కొలతల పటం) నకలు దగ్గరుండాలి. అడంగల్‌లో ఎర్రచందనం చెట్లని ముందే ఎక్కించుకోవాలి, అర్జీ పెట్టే ఏడాది ఎక్కిస్తే ప్రశ్నలొస్తాయి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (కొత్త భూమి పటం) నంబరు వచ్చింది. ఈసీలో ఒకటి, 1బిలో ఒకటి ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. రెండూ ఒకటేనని తహసీల్దార్ దగ్గర ధ్రువీకరణ తీసుకుని జతచేస్తే వెనక్కి రాదు. చేను రిజర్వు ఫారెస్టును ఆనుకుని ఉంటే రెవెన్యూ, అటవీ శాఖల జాయింట్ సర్వే తప్పదు. సర్వేకు ముందే హద్దు రాళ్ల చుట్టూ కంప కొట్టించండి. కంచె హద్దు మీదే వేయకుండా ఒక గజం లోపలికి వేసుకున్నవాళ్లకు ఇక్కడ పని సులువు. డీకేటీ పట్టా (ప్రభుత్వం పంచి ఇచ్చిన భూమి) అయితే నాటకముందే తహసీల్దార్‌ను అడిగి తెలుసుకోవాలి.

తర్వాత రేంజి సిబ్బంది వచ్చి చెట్ల లెక్క తీస్తారు. మన రిజిస్టరూ వాళ్ల లెక్కా కలిస్తే పని సగం అయినట్టే. అనుమతి వచ్చాక కోసి, ముక్కలు చేసి, దుంగల జాబితా రాస్తారు. ఇక్కడ వరస తప్పకూడదు: ముందు తెల్లచెక్క చెక్కాలి, తర్వాతే నంబరు, అటవీ శాఖ సుత్తితో కొట్టే ముద్ర. ముద్ర పడ్డాక చెక్కితే ముద్ర చెక్కతో పాటు పోతుంది, ముద్ర లేని దుంగ దొంగ దుంగే. ముద్ర దుంగ కొసన, కోత ముఖం మీద, చేవలో పడాలి. ఎండకు కొసలు పగులుతాయి, పగులు ముద్ర మీదుగా పోతే అంకె చదవడానికి రాదు. ముద్రలు పడ్డ దుంగల కొసలకు తడి గోనె కప్పి నీడలో పేర్చాలి. పచ్చి దుంగ ఆరేకొద్దీ బరువు తగ్గుతుంది కాబట్టి జాబితాలో పొడవు, చుట్టుకొలత కచ్చితంగా ఉండాలి, ఒక్క బరువునే నమ్ముకోకూడదు.

ట్రాన్సిట్ పర్మిట్‌లో లారీ నంబరు, దారి, గడువు ఉంటాయి. లారీ చెడిపోతే సరుకు వేరే లారీలోకి మార్చి ముందుకు పోకూడదు. ఆగినచోటి నుంచే రేంజి ఆఫీసుకు ఫోను చేసి, పర్మిట్ మార్పించుకున్నాకే కదలాలి. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత ఎర్రచందనం నేరాలకు బెయిలు లేని సెక్షన్లున్నాయి, డ్రైవరు పొరపాటుకు అందరూ ఇరుక్కుంటారు. దుంగల్ని జాబితా వరసలోనే, ముద్రలు వెనక వైపు కనపడేలా ఎక్కిస్తే చెక్‌పోస్టులో దించకుండానే సరిచూస్తారు.

కొనేవాళ్లు ఎగుమతి చేసేవాళ్లయితే పట్టా భూమిలో పెంచినదని అటవీ శాఖ ఇచ్చే ధ్రువపత్రం అడుగుతారు. ఎర్రచందనం 1995 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. పట్టా భూముల్లో పెంచిన కలప ఎగుమతికి కేంద్రం 2019లో దారి తెరిచింది. 2023 నవంబరులో మన ఎర్రచందనం వ్యాపారం జాతికి చేటు చేస్తోందా అని చూసే సైటిస్ సమీక్ష జాబితా నుంచి కూడా బయటపడింది. ఎగుమతి లైసెన్సు, సైటిస్ పత్రం కొనేవాడి పని. చెట్టు నంబరు నుంచి దుంగ నంబరు దాకా గొలుసు తెగకుండా చూపించడం మన పని.

కోత అయిన చేలో మోళ్లను పీకించొద్దు. నంబర్లు మోళ్ల మీద ఉండగానే తనిఖీ పూర్తి చేయించుకోండి. ఎర్రచందనం మోడు బాగా చిగురిస్తుంది. గట్టి పిలకలు రెండు ఉంచి మిగతావి కొట్టేస్తే చాలు. లేత ఆకు మేకలకు ఇష్టం కాబట్టి ఈ ఏడాది కంచెలో బిగించాల్సింది కింది రెండు వరసలు.