తాళం తీశాక ఇంకో మూడు సెకన్లు

ఇవాళ సాయంత్రం బండి, అదే మా పాత డీజిల్ కారు, పెట్టి తాళం తిప్పితే ఇంజన్ వెంటనే ఆగలేదు. మూడు సెకన్లు ఆడి, అప్పుడు ఆగింది. మామూలుగా అయితే తాళం తిప్పగానే ఒక్క కుదుపు కుదిపి ఊరుకుంటుంది. చిన్నోడు అప్పటికే బ్యాగు తగిలించుకుని దిగిపోయాడు. ఈయన ఫోన్‌లో ఉన్నారు. ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. నేను సీట్లోనే కూర్చుని మళ్లీ స్టార్ట్ చేసి మళ్లీ ఆపాను. ఈసారి నాలుగు లెక్కపెట్టాను.

పనులన్నీ అయ్యి అందరూ పడుకున్నారు. నాకు మాత్రం ఆ నాలుగు సెకన్లు చెవిలోనే ఉన్నాయి.

అమ్మేద్దామా అనిపించింది. కోపంలో కాదు, నిజంగానే. 3 లక్షల 12 వేల కిలోమీటర్లు తిరిగిన బండి. రోజూ రానూపోనూ 46 కిలోమీటర్లు దీన్నే నమ్ముకుని తిరుగుతున్నాను. ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఒకటి బాగు చేయించి హమ్మయ్య అనుకునేలోపు ఇంకోటి. నాకు ఓపిక లేక కాదు, ఆ ఓపికను ఎవరి ముందు పెట్టాల్సి వస్తుందో తలుచుకుంటేనే నీరసం వస్తుంది.

పోయిన వారం సర్వీసింగ్ సంగతి ఇక్కడ రాయలేదు. రాస్తే కోపం ఎక్కువవుతుందని ఆగాను. ఇప్పుడు రాస్తాను.

బండి నాది. నడిపేది నేను, తీసుకెళ్లింది నేను. ఈయన ఆ రోజు సెలవు కాబట్టి తోడు వచ్చారు, అంతే. "వాల్వుల సందు చూశారా? ఎంత పెట్టారు?" అని అడిగాను. మెకానిక్ ఈయన వైపు తిరిగి, "అన్నీ చూశాం సార్, ఏం టెన్షన్ లేదు" అన్నాడు. నేను మళ్లీ, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ వాల్వుకి 0.10 మిల్లీమీటర్లు, పొగ బయటికిపోయే ఎగ్జాస్ట్ వాల్వుకి 0.30 ఉండాలి, పాత పుస్తకంలో అలాగే రాసి ఉంది, ఎంత పెట్టారో చెప్పండి అన్నాను. "మేడమ్ బాగా చదివినట్టున్నారు సార్" అన్నాడు. మళ్లీ ఈయనతోనే! ప్రశ్న అడిగిన మనిషి అక్కడే నిలబడి ఉంటే జవాబు పక్క మనిషికి ఎలా చెప్తారు? ఈయనకేమో డీజిల్ ఫిల్టర్ ఏదో, ఆయిల్ ఫిల్టర్ ఏదో తెలియదు. అది తప్పని అనను, ఆయనకు బండ్లంటే ఆసక్తి లేదు. కానీ ఏమీ తెలియని మనిషికి అన్నీ వివరించి, తెలిసిన మనిషిని పక్కన నిలబెట్టడం ఏం పద్ధతి? డబ్బులు నా చేతిలోంచి తీసుకున్నాడు. బిల్లులో ఏమేం ఉన్నాయో ఈయనకు చదివి వినిపించాడు.

నేను బండి తిప్పుకుని వచ్చేలోపు వాళ్లిద్దరూ ఇంకేదో మాట్లాడుకున్నారు. దారిలో అడిగితే "ఏం లేదు, ఏదో గాలి పైపు అన్నాడు" అన్నారు. నేనూ అలసిపోయి ఉన్నాను, వదిలేశాను. ఇందాక గుచ్చి గుచ్చి అడిగితే అసలు మాట బయటికొచ్చింది. "అదే, వాక్యూమ్ ఎక్కడో లీకవుతోందట. ఇప్పుడు ఫర్వాలేదు, ఈసారి వచ్చినప్పుడు చూద్దాం అన్నాడు." వారం అయింది! వారం రోజులు నేను ఆ బండిలో పిల్లాణ్ని కూర్చోబెట్టుకుని తిరిగాను.

అందులో అంత ఏముంది అని ఈయన అడిగారు. ఉంది. పెట్రోల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఆపేస్తే ఇంజన్ ఆగుతుంది. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వే ఉండదు. మా బండిలో లోపలికి వచ్చిన గాలిని 21వ వంతుకు నొక్కేస్తుంది. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి డీజిల్ చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. డీజిల్ అందినంతసేపూ ఆడుతూనే ఉంటుంది. ఇలాంటి పాత బండిలో ఆ డీజిల్‌ని ఆపేది కరెంటు కూడా కాదు, వాక్యూమ్, అంటే గొట్టాల్లోంచి గాలి లాగేస్తే పుట్టే పీల్పు. తాళం తిప్పితే ఓ సన్నటి గొట్టంలోంచి వాక్యూమ్ వెళ్లి డీజిల్ పంపు మీదున్న చిన్న లివర్‌ని లాగుతుంది. అప్పుడు ఇంజన్ ఆగుతుంది. ఆ వాక్యూమ్ పుట్టించే పంపే బ్రేకులకూ సాయం చేస్తుంది. తలుపుల తాళాలు పడేదీ దానితోనే. ఎక్కడో ఒకచోట రబ్బరు చిట్లితే మొదట తెలిసేది ఇలాంటి చోటే, ఇంజన్ ఆగడానికి బద్ధకించడంలో. బ్రేకు పెడల్ దాకా రానిచ్చి చూద్దామనడానికి నాకు మనసు ఒప్పుకోదు.

నాకు ఇదంతా పుస్తకాల వల్ల తెలిసింది కాదు.

కొన్న రెండు నెలలకే అనుకుంటా. చిన్నోడు ఒకటో తరగతి. వాడి స్కూల్ ముందు బండి ఆపి, తాళం తిప్పి, తీసి చేతిలో పట్టుకున్నాను. ఇంజన్ ఆడుతోంది. మళ్లీ పెట్టి తిప్పాను. ఆడుతోంది. తాళంచెవి నా గుప్పిట్లో ఉంది, బండి మాత్రం ఏమీ జరగనట్టు దడదడలాడుతూనే ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది. నలుగురు పోగయ్యారు. బ్యాటరీ వైరు పీకేయమని ఒకాయన అన్నాడు. పీకాం కూడా. దానికి బ్యాటరీతో పనేముంది, ఆగలేదు. డీజిల్ అయిపోయేదాకా వదిలేయడమే అని ఇంకొకాయన. ఆ రోజు పొద్దున్నే ట్యాంకు నింపాను. వెనక పిల్లలను దింపడానికి వచ్చిన బళ్లు హారన్లు కొడుతున్నాయి. చిన్నోడు కిటికీలోంచి తల పెట్టి, "అమ్మా, దీనికి ఇంటికెళ్లడం ఇష్టం లేదేమో" అన్నాడు. ఏడుపొచ్చేసింది నాకు. వాణ్ని దగ్గరికి తీసుకోవడానికి కూడా చేతులు ఆడలేదు.

బండి అమ్మిన పెద్దాయనకు ఫోన్ చేశాను. ఇంకెవరికి చేయాలో తోచలేదు. ఆయన కంగారు పడలేదు. "బానెట్ ఎత్తండమ్మా. ఇంజన్ పక్కన స్టాప్ అని రాసి ఉన్న చిన్న లివర్ ఉంటుంది, దాన్ని కిందికి నొక్కి పట్టుకోండి" అన్నారు. నొక్కాను. ఆగింది. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది. తర్వాత ఫోన్‌లోనే పావుగంట సేపు ఎక్కడెక్కడ ఏ గొట్టం వెళ్తుందో చెప్పారు. నేను బానెట్ కింద తల పెట్టి ఒక్కోదాన్నీ వేలితో తడుముతూ విన్నాను. బండి గురించి ఒక మనిషి నాతో, నాతోనే, అంత వివరంగా మాట్లాడటం అదే మొదటిసారి.

అసలు ఆయన దగ్గర కొన్నదే అందుకు. అంతకుముందు చూసిన మూడు బళ్లూ, మేం వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉన్నాయి. పాత డీజిల్ బండి అసలు బుద్ధి చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. వేడెక్కించి చూపించారంటే ఏదో దాచినట్టే. ఈ పెద్దాయన బండి బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. స్టార్ట్ చేసేముందు ఇంజన్ లోపల వేడిచేసే హీటర్ లైటు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టారు. కాస్త తెల్ల పొగ వచ్చింది, పది సెకన్లలో పోయింది. ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ మూత విప్పి తిరగేసి దాని మీదే పెట్టాను. కొంచెం కదిలింది కానీ ఎగిరి పడలేదు. ఎగిరి పడితే పిస్టన్ రింగులు అరిగి లోపలి ఒత్తిడి కిందికి జారుతున్నట్టు. నేను ఇవన్నీ చూస్తుంటే ఆయన అడ్డు చెప్పలేదు. లోపలికెళ్లి అట్ట ఊడిన నోటు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. చేసిన ప్రతి పనీ, ఏ కిలోమీటరు దగ్గర చేశారో రాసి ఉంది. ఆ పుస్తకం చూశాకే కొనాలనుకున్నాను.

అమ్మాలనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది ఈ పైపుల సంగతి కంటే పెద్దది. పొగ. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చి చెప్పింది. మా బండికి పొగను వడకట్టే ఫిల్టర్లూ గిల్టర్లూ లేవు, అవి వచ్చిన కాలం నాటిది కాదు. స్కూల్ ముందు ఒక్క నిమిషం కూడా ఇంజన్ ఆన్‌లో ఉంచను. పొద్దున్న నిలబెట్టి వేడెక్కించను, స్టార్ట్ చేసి మెల్లగా కదిలిపోతాను. ఎలాగూ డీజిల్ ఇంజన్ నిలబెడితే త్వరగా వేడెక్కదు కూడా. డీజిల్ చిమ్మే నాజిల్స్ టైముకి చూపిస్తాను, గాలి ఫిల్టర్ మారుస్తాను, నల్ల పొగ కనిపిస్తే ఆ రోజే వెతుకుతాను. ఇంత చేసినా వెనకాల నడిచేవాళ్లకు నేను పెడుతున్నది పొగే కదా. కొత్త బండి తయారు చేయడానికయ్యే ఇనుమూ కరెంటూ లెక్కేసి మనసుకు సర్దిచెప్పుకుంటాను. ఒక్కోరోజు సర్దుకుంటుంది, ఒక్కోరోజు సర్దుకోదు.

ఇక్కడిదాకా రాసి ఆగలేక టార్చి పట్టుకుని కిందికి వెళ్లొచ్చాను.

ముందు ఇంజన్ అర నిమిషం ఆడించి ఆపాను. మళ్లీ నాలుగు సెకన్లు. డ్రైవర్ తలుపు తాళం తిప్పాను. మిగతా మూడు తలుపుల బొడిపెలు టక్కున పడాలి. రెండు మెల్లగా దిగాయి. వెనక ఎడమ తలుపుది సగం దిగి ఆగిపోయింది. ఆ తలుపు లోపలి ప్యాడ్‌కి చెవి ఆనిస్తే సన్నగా స్‌స్‌స్ అని వినిపించింది. అక్కడే ఉంది లీకు.

ఆ ప్యాడ్ పోయిన నెల విప్పింది నేనే. అద్దం దించే హ్యాండిల్ తిరుగుతోందని ఆదివారం కూర్చుని విప్పి బిగించాను. లోపల వాక్యూమ్‌తో తాళం లాగే, గట్టిపడిపోయిన రబ్బర్లని కదిపినట్టు ఇప్పుడు గుర్తొస్తోంది. ఇందాక మెకానిక్ మీద అంత రాశాను, అతను లీకు ఉందని పసిగట్టాడు, అది నిజమే. దాన్ని కదిపిన చెయ్యి నాదే అయ్యుండొచ్చు. అతని పనితనం మీద నాకు ఇప్పుడు ఏ ఫిర్యాదూ లేదు. పైన రాసినవి మాత్రం తీసేయను. లీకు ఉందని నాకు చెప్పి ఉంటే ఆ సాయంత్రమే ఆదివారం సంగతి గుర్తొచ్చేది నాకు. ఆ రబ్బర్లను ముట్టుకున్నది నేను. ఆ మాట వినాల్సిందీ నేనే. ఈసారి ఒంటరిగా వెళ్తాను, అప్పుడెవరితో మాట్లాడతాడో చూడాలి.

పైకి వచ్చి పెద్దాయన నోటు పుస్తకం తీశాను. 2 లక్షల 40 వేల దగ్గర ఒక వరుస ఉంది. మూడు తలుపులకు రబ్బర్లు మార్చాను, వెనక ఎడమది బాగానే ఉంది, వదిలేశాను అని రాశారు. ఆ తర్వాత ఇంకో 72 వేల కిలోమీటర్లు పనిచేసిందది.

మళ్లీ కిందికెళ్లి, తలుపుల తాళాల వైపు వెళ్లే సన్న గొట్టాన్ని రబ్బరు జాయింట్‌లోంచి పీకి, ఆ రంధ్రంలో చిన్న స్క్రూ దూర్చాను. స్టార్ట్ చేసి ఆపాను. తాళం తిప్పడం, ఇంజన్ ఆగడం ఒకేసారి అయ్యాయి. ఇంకో రెండుసార్లు చేసి చూశాను. పై అంతస్తులో ఎవరిదో లైటు వెలిగింది. పొద్దున్నే క్షమించమని అడగాలి.

పొగ సంగతి ఎక్కడున్నది అక్కడే ఉంది. అమ్మడం గురించి ఆలోచిస్తే దాని గురించే ఆలోచిస్తాను, ఈ మూడు సెకన్ల కోసం మాత్రం అమ్మను.

రబ్బరు దొరికేదాకా నాలుగు తలుపులూ ఒక్కొక్కటిగా చేత్తో లాక్ చేసుకోవాలి. పొద్దున లేవగానే చిన్నోడికి చెప్పాలి. వెనక ఎడమ తలుపు వాడి వైపే, బొడిపె నొక్కకుండా పరిగెత్తిపోతాడు.