కొత్త మోడల్ కోసం ఆగాలా, ఇప్పుడే కొనాలా: దసరా సేల్‌లో నా అనుభవం

ఎట్టకేలకు ఫోను కొన్నాను. కొన్న సంతోషం కంటే కోపమే ఎక్కువగా ఉంది. అది చల్లారకముందే రాస్తున్నాను.

కరీంనగర్ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. నా పాత ఫోను 2019లో కొన్నది. 2025 ఆగస్టు నుంచి తెలంగాణ బడుల్లో ఉపాధ్యాయులకు ఫోను యాప్‌లో ముఖ గుర్తింపు హాజరు మొదలైంది. తోటి వారందరూ హాజరు వేసుకుని తరగతులకు వెళ్లిపోతుంటే, నేను మాత్రం ఆ యాప్ ఎప్పుడు తెరుచుకుంటుందా అని వరండాలో నిలబడేదాన్ని. అప్పుడే కొనేద్దామనుకున్నాను. అడిగిన ప్రతివాళ్లూ ఆగమన్నారు.

మా తమ్ముడు ఆపిల్ కోసం ఆగమన్నాడు. సెప్టెంబరులో కొత్తది రాగానే పాతదాని ధర తగ్గిస్తారని వాడి లెక్క. అది నిజమే. సెప్టెంబరు 9న ఐఫోన్ 17ను ప్రకటించారు, 79,900 ఉన్న ఐఫోన్ 16 ధర 69,900 అయింది. పది వేలు తగ్గినా అది నా జీతానికి తగిన ఫోను కాదు. స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు జీఎస్టీ తగ్గుతుందని, సెప్టెంబరు 22 దాకా ఓపిక పట్టమని చెప్పారు. ఏసీలకు, పెద్ద టీవీలకు పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఫోన్లకు మాత్రం 2020 ఏప్రిల్ నుంచి ఉన్న 18 శాతమే కొనసాగింది. ఇంకొకరు జనవరి, ఫిబ్రవరిలో శాంసంగ్ కొత్త మోడల్ వస్తుంది కదా, అప్పుడు చూడమన్నారు. ఇలా ప్రతి నెలా ఆగడానికి ఒక కారణం దొరుకుతూనే ఉంటుంది.

నేను వేరే దారి పట్టాను. సెట్టింగ్స్‌లో ఫోను వివరాలు తెరిచి, ఫోనును హ్యాకర్ల నుంచి కాపాడే సెక్యూరిటీ అప్‌డేట్ చివరిసారి ఎప్పుడు వచ్చిందో చూశాను. 2021. అంటే నాలుగేళ్లుగా నా జీతం పడే ఖాతా, పీఎఫ్, పిల్లల ఫీజులు అన్నీ కాపలా లేని ఫోనులో నడుస్తున్నాయి. ఇది చూశాక ఆగాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. ఏది కొనాలన్నదే మిగిలింది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ చెబితే, ఆ ఏడేళ్లు మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి. శాంసంగ్ గెలాక్సీ ఎస్24 వచ్చింది 2024 జనవరిలో. దానికి 2031 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఈ దసరాకు కొన్నా నాకు ఐదేళ్లకు పైనే మిగులుతాయి. వచ్చినప్పుడు 256 జీబీ ధర 79,999. ఈ సేల్‌లో ఎస్24లోనే స్నాప్‌డ్రాగన్ అనే చిప్ ఉన్న ఫోను సుమారు 40 వేలకు దొరికింది. ఇంకా తగ్గుతుందని మరో ఏడాది ఆగితే, కొంత డబ్బు మిగిలినా, అప్‌డేట్ల కాలం కూడా తరిగిపోతుంది. స్టాఫ్ రూములో ఈ లెక్క వేసి చూపించింది నేనొక్కదాన్నే. లెక్కల మాస్టారు కూడా ఒప్పుకున్నారు.

సేల్ మొదలైన రోజే ఆన్‌లైన్‌లో దానికి ఆర్డరు పెట్టాను. అందులో ఇబ్బంది లేదు. నో కాస్ట్ ఈఎంఐ జోలికి పోలేదు. వడ్డీని ధరలో తగ్గించినట్టు చూపించినా, ఆ వడ్డీ మీద జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు మనమే కట్టాలి. పాత ఫోను ఎక్స్ఛేంజ్‌కు పెడితే 5,600 తగ్గిస్తామన్నారు. అడిగిన ప్రశ్నలన్నిటికీ ఫోనును చేతిలో పెట్టుకుని, ఒక్కొక్కటి పరీక్షించి మరీ జవాబులిచ్చాను. అక్కడే మొదలైంది నా అవమానం.

డెలివరీకి ముందు ఫోనులోని సమాచారమంతా తుడిచేసి, గూగుల్ ఖాతా తీసేసి సిద్ధంగా ఉంచమని సందేశం వచ్చింది. అలాగే చేశాను. ఓటీపీ రావాలి కాబట్టి సిమ్ తీసి మా అత్తమ్మ కీప్యాడ్ ఫోనులో వేశాను. సాయంత్రం డెలివరీ అబ్బాయి వచ్చేసరికి మా వాకిట్లో బతుకమ్మ పేరుస్తున్నారు. వీధిలోని ఆడవాళ్లు, నా దగ్గర చదివిన పిల్లలు, వాళ్ల తల్లులు, అందరూ అక్కడే ఉన్నారు.

అతను ఫోను తీసుకుని తెరను తెల్లగా వెలిగించాడు. బొటనవేలితో రుద్దాడు, ఏటవాలుగా పట్టుకున్నాడు, వెలుతురులోకి తీసుకెళ్లి మళ్లీ చూశాడు. కింది అంచు దగ్గర పసుపు నీడ ఉందన్నాడు. నాకు కనబడలేదు. పక్కింటి వదినకు చూపించాను, ఆమెకూ కనబడలేదు. "ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించు బాబూ" అన్నాను. చూపించలేదు. "మేడం, లోపం దాచిపెట్టి ఎక్స్ఛేంజ్ పెడితే మేమేం చేస్తాం?" అన్నాడు, అందరికీ వినబడేలా.

తంగేడు పూలు పేరుస్తున్న చేతులు ఆగిపోయాయి. పిల్లలకు అబద్ధం చెప్పకూడదని పాఠం చెప్పే మనిషిని నేను. నా దగ్గర చదివిన పిల్లల ముందు నన్ను దొంగలా నిలబెట్టాడు. రోజుకు ఎన్ని ఇళ్లు తిరుగుతాడో, పైన ఎవరు ఏమంటారో, ఆ కష్టం నాకు తెలుసు. అయినా చేతిలో ఫోనుంది కదా అని ఎదుటి మనిషి నిజాయితీని తూకం వేసే హక్కు ఎవరికీ లేదు.

నేను మాట్లాడుతుండగానే అతని యాప్‌లో ఎక్స్ఛేంజ్ తిరస్కరించినట్టు నొక్కేశాడు. ఇక మార్చడం కుదరదట. 5,600 కడితేనే కొత్త ఫోను ఇస్తానన్నాడు. ఎలా కట్టాలి? పాత ఫోను ఖాళీ. కొత్తది ఇంకా అతని చేతిలోనే ఉంది. సిమ్ ఉన్నది కీప్యాడ్‌లో. మా వారు డ్యూటీలో ఉండి ఫోను ఎత్తలేదు. కస్టమర్ కేర్‌కు చేస్తే, ఏజెంటు నిర్ణయమే తుది నిర్ణయమని చెప్పి పెట్టేశారు. చివరికి వదిన ఇంట్లోకి వెళ్లి నగదు తెచ్చి ఇచ్చింది. పండుగ పూట ఆమె ముందు చెయ్యి చాపాల్సి రావడం నాకు ఎంత కష్టమనిపించిందో చెప్పలేను. రాత్రి కొత్త ఫోనులో యూపీఐ పెట్టుకుని ఆమె డబ్బు పంపబోతే అదీ వెళ్లలేదు. ఫోను మారిస్తే మొదటి 24 గంటలు 5,000కు మించి పంపనివ్వరు.

కాబట్టి ఎక్స్ఛేంజ్ పెట్టకండి. తప్పక పెట్టాల్సి వస్తే, ఆ తేడా డబ్బు నగదుగా ఇంట్లో ఉంచుకోండి. మనిషి గుమ్మంలోకి వచ్చి తెర చూసి సరే అనేదాకా పాత ఫోనులో ఏదీ తుడవకండి. జవాబులిచ్చిన పేజీని, తెల్ల తెరతో ఫోనును వీడియో తీసి పెట్టుకోండి.

మర్నాడు పాత ఫోనును బస్టాండు దగ్గర తెలిసిన దుకాణానికి తీసుకెళ్లాను. ఆయనా తెల్ల తెర వెలిగించి చూశాడు. "డిస్‌ప్లే బాగుంది మేడం, నీడా లేదు, మచ్చా లేదు" అన్నాడు. ఆ మాట వదిన కూడా వినాలని ఆమెను వెంటబెట్టుకునే వెళ్లాను. 2,500 ఇచ్చాడు. సేల్‌లో ఇస్తామన్న 5,600తో పోలిస్తే తక్కువే, కానీ కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఫోను గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబరు రాసుకుని, రసీదు రాసిచ్చాడు. ఆ డబ్బు అక్కడికక్కడే వదిన చేతిలో పెట్టి, మిగతాది యూపీఐలో పంపాను.

ఇప్పుడు లెక్కల మాస్టారు జనవరి దాకా ఆగనా అని నన్ను అడుగుతున్నారు. ఆయన ఫోను తీసుకుని చూశాను, ఆగస్టు అప్‌డేట్ వచ్చి ఉంది. నిశ్చింతగా ఆగమన్నాను.