పలాసలో సాఫ్ట్‌వేర్ అమ్మాలంటే

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలకు మేం స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్ముతాం. క్లౌడ్, డ్యాష్‌బోర్డ్ అంటే యజమానులు టీ ఇచ్చి మర్యాదగా పంపేస్తారు. అదే, "రాత్రి పదింటికి గుమస్తా ఇంకా లెక్క చూస్తున్నాడండి. 80 కిలోల జీడిపిక్కల బస్తాకి గుండు (నిండు పప్పు) ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత? తేడా ఎక్కడొచ్చింది?" అని మొదలుపెట్టామా, కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. ఆ గుమస్తా వాళ్ళకు తెలిసిన మనిషి మరి!

ఆఫీసుల్లో ఉద్యోగులు మాట్లాడుకునే యాప్ స్లాక్ కథా అలాంటిదే. గ్లిచ్ అనే ఆట 2012లో మూతపడింది. దాన్ని తయారుచేసినవాళ్ళు తమలో తాము మాట్లాడుకోవడానికి కట్టుకున్నదే స్లాక్ అయింది. నిజంగా జరిగింది కాబట్టే ఆ కథ నిలబడింది.

లేని కస్టమర్‌ని సృష్టించి కథ అల్లడానికి నేను ససేమిరా ఒప్పుకోను. పలాసలో వెంటనే "ఎవరి ఫ్యాక్టరీ?" అంటారు. అందుకే ఎవరి కథ చెబుతామో ఆ యజమానిని ముందే అడిగి, ఆయన నంబరు కూడా ఇచ్చేస్తాం.