వలపల కాలు ముందుకు

దసరా రోజుల్లో అమలాపురం వీధుల్లో వాహనాల ఊరేగింపు ముందు కర్రసాము, కత్తిసాముల చెడీ తాలింఖానా సాగుతుంటే, అరుగు మీద నిలబడి చూస్తూ పెరిగినదాన్ని నేను. కర్ర గాలిని కోస్తూ చేసే చప్పుడు, కాగడాల వెలుగులో కత్తి అంచు మీద పరుగెత్తే మెరుపు ఇప్పటికీ నా కళ్ళలోనే ఉన్నాయి. మా వీధి మగపిల్లలు పండగకు ఎంతో ముందునుంచే సాధన మొదలుపెట్టేవారు. ఆడపిల్ల చేతికి కర్ర అందించినవారు లేరు. నాకు కావాలని నేను నోరు తెరిచి అడిగిందీ లేదు. 2017లో కేరళ యుద్ధవిద్య కళరిపయట్టు నేర్పే వడకర గురువు మీనాక్షి అమ్మకు పద్మశ్రీ వచ్చినప్పుడు, డెబ్బై దాటిన ఆవిడ చీరకట్టుతో కత్తీ డాలూ పట్టి నిలిచిన ఫోటోను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఆవిడ ఏడేళ్ళ వయసులో కళరిలో, అంటే ఆ విద్య నేర్పే శాలలో, అడుగుపెట్టారట. నేను ముప్పై ఎనిమిదో ఏట, ఆఫీసులో మూడు వారాల సెలవు పెట్టి, వడకరకు దగ్గరలో ఉన్న ఒక పల్లెలోని చిన్న కళరికి బయలుదేరాను.

రాజమండ్రిలో రైలెక్కి చెన్నై చేరి, అక్కడ రాత్రి మంగళూరు మెయిలు పట్టుకున్నాను. షొర్ణూరు దాటేసరికి తెల్లవారింది, వాన కూడా మొదలైంది. కిటికీలోంచి చూస్తే కొబ్బరితోటలు, నీటితో నిండిన పొలాలు, మట్టిరంగు తిరిగిన నది కనిపించాయి. కోనసీమ మనిషికి అందులో కొత్తదనం లేదు, ఊరికి దూరమయ్యానన్న బెంగా కలగలేదు. నేను దిగవలసిన వడకర దాటి కాస్త ముందుకు వెళితే మాహె వస్తుంది. మాకు కూతవేటు దూరంలో ఉన్న యానాం, ఆ మాహె, రెండూ ఒకప్పుడు ఫ్రెంచివారి కింద ఉండి ఇప్పుడు పుదుచ్చేరి పాలనలో ఉన్న ఊళ్ళేనని తలచుకుంటే, దేశానికి అటు చివర కూడా మన పొరుగు ఊరికి చుట్టం ఉన్నట్టు అనిపించింది.

అది జూలై మూడో వారం, మలయాళీలకు కర్కిడక మాసం అప్పుడే మొదలైంది. కళరి సాధనకు వానకాలాన్నే ఎందుకు ఎంచుకుంటారో మొదట నాకు అర్థం కాలేదు. ఒళ్ళంతా నువ్వుల నూనె పట్టించుకుని చెమటలు కారేలా శ్రమించే విద్య ఇది. వేసవి ఉక్కలో అయితే ఒంట్లోని సత్తువ త్వరగా హరించుకుపోతుందని, చల్లని రోజుల్లో నూనె పట్టిన కండరాలు చక్కగా సాగుతాయని గురుక్కళ్ చెప్పారు. అక్కడ గురువును గురుక్కళ్ అంటారు. అరవై దాటిన మనిషి. మాట తక్కువ, గొంతు మాత్రం గంట మోగినట్టు ఉంటుంది. నన్ను మొదటి రోజునుంచీ ‘మోళే’ అనే పిలిచారు, అంటే అమ్మాయీ అని. ఆయన ఇంట్లోనే వెనకవైపు గదిలో నాకు బస.

కళరి అంటే నేలమీద కట్టిన కట్టడం కాదు, నేలలోకి దింపిన కట్టడం. నడుము లోతు తవ్వి, అడుగున ఎర్రమట్టి పరిచి గట్టిగా దిమ్మిస చేసి, పైన కొబ్బరాకుల కప్పు వేస్తారు. పొడవు 42 అడుగులు, వెడల్పు 21 అడుగులు. అందుకే దాన్ని ‘నాల్పత్తీరడి’ అంటారు. ఆ మాట వినగానే అందులో మన నలభై, రెండు, అడుగు మూడూ వినిపించాయి. తలుపు తూర్పున ఉంటుంది. నైరుతి మూలన ఏడు మెట్లుగా కట్టిన పూజాపీఠం పూత్తర, దాని మీద దీపం, పూలు. లోపలికి కుడికాలు పెట్టి దిగి, వంగి నేలను తాకి ఆ చేతిని నుదుటికి ఆనించుకుని, పూత్తరకు మొక్కి, గురువుల పరంపరకు గుర్తుగా ఉన్న గురుత్తరకు మొక్కి, చివర గురుక్కళ్ పాదాలు తాకిన తరువాతే సాధన మొదలవుతుంది. తెల్లవారుజామున అయిదింటికి, బయట వాన కురుస్తుండగా, ఆ గుంటలోకి దిగితే గాలి తగలదు. చెమట పట్టిన ఒంటికి ఈదురుగాలి సోకకుండా ఉండేందుకే ఆ లోతు. నూనె వాసన, తడిమట్టి వాసన, వత్తి కాలే వాసన కలిసిపోయిన ఆ చోట నేను మాట్లాడాలన్నా గొంతు దానంతట అదే తగ్గిపోయేది.

కర్ర పట్టిస్తారన్న ఆశతో వెళ్ళాను. గోడవారగా వరసగా నిలబెట్టిన ఆయుధాలు రోజూ కంటబడుతూనే ఉండేవి: మనిషి ఎత్తు కర్ర కెట్టుకారి, మూడు జానల పొట్టికర్ర చెరువడి, ఏనుగు దంతంలా వంపు తిరిగిన ఒట్ట, కత్తి, డాలు, బల్లెం, చుట్టగా చుట్టి మేకుకు వేలాడదీసిన, రేకులా వంగే కత్తి ఉరుమి. అయితే ఈ విద్యలో వరస ఉంది. ముందు మెయ్‌తారి, అంటే ఒంటిని సిద్ధం చేయడం. తరువాత కోల్‌తారి, చెక్క ఆయుధాలు. ఆ పైన అంగతారి, లోహపు ఆయుధాలు. ఆఖరున వెరుంకై, వట్టి చేతుల పోరు. చేతిలో ఏమీ లేకుండా పోరాడడం అన్నిటికన్నా చివర నేర్పే పాఠమని తెలిసినప్పుడు, ఆయుధం గురించి నేను అంతకుముందు అనుకున్నదంతా తలకిందులైంది. మూడు వారాల్లో నాకు మెయ్‌తారిలో మొదటి గడపైనా దాటడం కష్టమేనని గురుక్కళ్ మొదటిరోజే మెత్తగా చెప్పారు. నేను సరేనన్నాను.

మొదటి వారం అంతా కాలు విసరడమే. నేర్‌కాల్ అంటే కాలిని తిన్నగా ముందుకు, తలపైకి చాచిన అరచేతిని తాకేలా లేపడం. వీత్తుకాల్ అంటే వలయంలా తిప్పడం. ఇరుత్తికాల్ అంటే లేపిన కాలిని దించుతూనే నేలమీద కూర్చుండిపోయి మళ్ళీ లేవడం. నా పక్కన తొమ్మిదేళ్ళ పిల్లలు, పదిహేనేళ్ళ అమ్మాయిలు గాలిలోకి లేచి దిగుతుంటే వాళ్ళ పాదాల చప్పుడు కూడా వినిపించేది కాదు. తరువాత వడివులు నేర్పారు: ఏనుగు, గుర్రం, సింహం, అడవిపంది, పాము, పిల్లి, కోడి, నెమలి, ఈ ఎనిమిదింటి నిలుపులు. జంతువును అనుకరించడం అనుకుని మొదలుపెట్టాను. అది కాదు. ఏ జంతువు తన బరువును ఎక్కడ దాచుకుంటుందో, ఎక్కడినుంచి దూకుతుందో దాన్ని మన తుంటిలోనూ మోకాళ్ళలోనూ వెతుక్కోవడం. గజవడివులో తొడలు వణికిపోతుండగా ‘ఇంకా కిందికి, ఇంకా’ అన్న గురుక్కళ్ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అసలు నాకు ఈ విద్య ఎక్కడ అందిందంటే చెవిలో అందింది. కళరిలో గురువు చేసి చూపించడం తక్కువ. నోటితో చెప్తారు, ఆ చెప్పే వరసను వాయ్‌త్తారి అంటారు. అడుగు తరువాత అడుగు, ఒకే ఊపిరిలో, పాటా కాక మాటా కాక సాగే ఆజ్ఞలవి. నాకు మలయాళం రాదు. మొదటి రెండు రోజులు పక్కవాళ్ళను చూసి కదిలాను, కాబట్టి ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉన్నాను. మూడో రోజు గురుక్కళ్ నన్ను గోడకేసి తిప్పి నిలబెట్టి, ‘చూడకు, విను’ అన్నారు. ఆ తరువాత ఆయన ‘వలత్తు’ అనగానే నా కుడికాలు దానంతట అది కదిలింది. ఎందుకు కదిలిందో ఒక క్షణం నాకే తెలియలేదు. తరువాత తట్టింది: మా తాతయ్య అరకకు ఎడ్లను కట్టేటప్పుడు ఎడమవైపు ఎద్దును దాపటెద్దు అని, కుడివైపు ఎద్దును వలపటెద్దు అని పిలిచేవారు. చిన్నప్పుడు పొలంలో విన్న ఆ ‘వలపల’ అన్న మాట, నేను ఎన్నడూ నోటితో వాడని మాట, నా ఒంట్లో ఎక్కడో నిలిచి ఉంది. ఆ ఉదయం అది లేచి వచ్చింది.

ఇక ఆ తరువాత ప్రతి మాటా తలుపు తెరుచుకున్నట్టు అర్థమవుతూ వచ్చింది. ‘ఇడత్తు’ మన ఎడమ, ‘కాల్’ మన కాలు, ‘మాఱి’ మన మారి, ‘తిరిఞ్ఞు’ మన తిరిగి. ‘కోల్’ మన కోల. ‘వాళ్’ అంటే కత్తి. మన పాత కావ్యాల్లో ‘వాలు’ అన్నా కత్తే. ‘మెయ్’ మన పాత తెలుగు మెయి. ‘మెయ్యు కణ్ణాకుక’ అన్నది కళరిలో అందరూ చెప్పుకునే మాట. ఒళ్ళంతా కన్నైపోవడం అని దాని భావం. దాన్ని నాకు ఎవరూ తెలుగులోకి మార్చి చెప్పవలసిన పని లేకపోయింది. మనకు కూడా సాముగరిడీ అన్న మాట ఉంది, గరిడి అంటే ఇటువంటి సాధనశాలే. మాట మిగిలింది, శాలలు చాలాచోట్ల పోయాయి. అక్కడి పిల్లలను చూస్తున్నప్పుడు ఈ సంగతి నన్ను నిజంగా బాధపెట్టింది.

అక్కడ కూడా ఇది తెగకుండా వచ్చిన దారం కాదు. ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డ పళశ్శి రాజా 1805లో మరణించాక మలబారులో జనం దగ్గర ఆయుధాలు లేకుండా చేశారు, కళరులు మూతపడ్డాయి. కొన్ని ఇళ్ళలో గుట్టుగా మిగిలిన విద్యను కోట్టక్కల్ కణారన్ గురుక్కళ్ వంటివారు కాపాడారు. ఆయన శిష్యుడు సి.వి. నారాయణన్ నాయర్ 1920ల తరువాత తలశ్శేరి కేంద్రంగా దాన్ని మళ్ళీ జనం ముందుకు తెచ్చారు. ఇదంతా గురుక్కళ్ ఒక మధ్యాహ్నం వాన చూస్తూ అరుగుమీద కూర్చుని చెప్పారు. ఆయన గొంతులో గొప్ప లేదు, కష్టపడి దాచుకున్న విత్తనాల గురించి రైతు చెప్పినట్టు చెప్పారు.

తొమ్మిదో రోజు నేను తొందరపడ్డాను. ఇరుత్తికాల్ వచ్చేసిందన్న సంబరంలో, ఒళ్ళు పూర్తిగా వేడెక్కకముందే విసిరి కూర్చున్నాను. తొడ వెనక ఏదో చినిగినట్టయింది, లేవలేకపోయాను. గురుక్కళ్ కోప్పడలేదు. నన్ను పడుకోబెట్టి, తొడ వెనక రెండు చోట్ల బొటనవేలితో నొక్కి చూసి, మర్మానికి, అంటే ఒంట్లోని ఆయువుపట్టుకు, దెబ్బ తగలలేదని చెప్పారు. సుశ్రుతుడు 107 మర్మాలు చెప్పాడని, కళరివారు అందులో ప్రాణాపాయమైన 64ను ప్రత్యేకంగా లెక్కపెట్టుకుంటారని, ఎక్కడ కొట్టాలో తెలిసినవాడికే ఎక్కడ మాన్పాలో కూడా తెలియాలని అందుకే గురుక్కళ్ వైద్యుడు కూడా అయివుంటాడని అన్నారు. ఆ సాయంత్రం నుంచి ఆయన భార్య నాకు ఉళిచ్చిల్, అంటే నూనె మర్దన, మొదలుపెట్టారు. కప్పునుంచి వేలాడే తాడు పట్టుకుని, నూనె పూసిన పాదంతో నా వీపు మీదినుంచి అరికాలి దాకా ఒకే పొడవాటి ఒత్తుడుగా జారేవారు. ఆవిడ తన బరువును ఎంత ఉంచాలో, ఎంత తాడు మీదికి తీసుకోవాలో అంగుళం అంగుళానికీ మార్చుకుంటూ పోవడం నా కండరాలకు తెలిసేది. ఆవిడా పెళ్ళికి ముందునుంచే కళరిలో సాధన చేసిన మనిషి. నాలుగు రోజులు సాధన మానేసి ఆ చేతుల్లో, ఆ పాదాల కింద గడిపాను. ఆ నాలుగు రోజులూ నాకు వృథా పోలేదు.

సాయంత్రాలు ఆ ఇంట్లో దీపం పెట్టి రామాయణం చదివేవారు. కర్కిడకం వాళ్ళకు రామాయణ మాసం, ఇంటింటా మలయాళ కవి ఎళుత్తచ్ఛన్ అధ్యాత్మ రామాయణం వినిపిస్తుంది. చదువు అయ్యాక గురుక్కళ్ తల్లిగారు వడక్కన్ పాట్టులనే ఉత్తర కేరళ వీరగాథల్లోని ఉణ్ణియార్చ కథ చెప్పారు, మనవరాలు నాకు ఇంగ్లీషులో అందించింది. గుడికి వెళ్ళే దారిలో నాదాపురం దగ్గర అడ్డగించిన మూకను ఉణ్ణియార్చ ఉరుమి దూసి ఒంటరిగా ఎదిరించింది. పక్కనున్న భర్త మాత్రం వణికిపోయాడు. నాదాపురం మేమున్న చోటికి పెద్ద దూరం కాదు. ముసలావిడ ఆ ఊరివైపు చేయి చూపి, నిన్నో మొన్నో జరిగినట్టు చెప్పారు. ఒక ఆదివారం లోకనార్‌కావు గుడికి కూడా వెళ్ళి వచ్చాను. ఆ గాథల్లోని వీరుడు తచ్చోళి ఒతేనన్ పోరుకు ముందు మొక్కుకునేవాడని పాటలు చెప్పే గుడి అది.

ఆఖరి రోజు ఉదయం సాధన అయ్యాక గురుక్కళ్ గోడవార నుంచి కెట్టుకారి తీసి రెండు చేతులతో నాకు అందించారు. తిప్పమనలేదు. పట్టుకుని గజవడివులో నిలబడమన్నారు, అంతే. నూనెలో నానిన ఆ పేము కర్ర అరచేతుల్లో చల్లగా, బరువుగా ఉంది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, కాళ్ళు వణకలేదు. తిరిగి ఆయన చేతికి ఇచ్చి, నేలను తాకి నుదుటికి ఆనించుకుని మెట్లెక్కాను.

ఇంటికి వచ్చాక మొదట మేడమీద సిమెంటు నేలపై సాధన చేశాను. వారానికే మడమలు నొప్పిపెట్టాయి. పెరట్లో మా తాతయ్య నాటి పశువుల శాల ఖాళీగా ఉంది; ట్రాక్టరు వచ్చాక ఎడ్లను అమ్మేశారు. నాన్నగారిని అడిగితే మారుమాట లేకుండా రెండు బండ్ల ఎర్రమట్టి తోలించి, మనిషిని పెట్టి దిమ్మిస చేయించారు. గోడవార పాత కట్టుగొయ్యలు రెండూ అలాగే ఉన్నాయి, ఏది ఏ ఎద్దుదో ఆయనకు ఇంకా గుర్తుంది. రోజూ అయిదింటికి దీపం పెట్టి, వలపటెద్దు గొయ్య పక్కన నిలబడి, గురుక్కళ్ వాయ్‌త్తారిని నా గొంతుతో పైకి చెప్పుకుంటూ కుడికాలు ముందుకు వేస్తున్నాను.