బకెట్‌లో మునిగిన పైపు

ఆ రోజు మేడ మీద మొక్కల కోసం బకెట్‌లో ద్రవ ఎరువు పోసి, పైపు చివర అడుగున పెట్టి కుళాయి తిప్పాను. బకెట్ నిండుతుండగా తమ్ముడు ట్యాంక్ కడగడానికి దాని కింది వాల్వ్ కట్టేశాడు. ధార ఆగింది. కాసేపటికి బకెట్‌లో నీళ్లు తగ్గడం మొదలైంది. కింద తడి లేదు. తెల్లటి పైపులో గోధుమ రంగు నీళ్లు కుళాయి వైపు వెనక్కి పోతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, కింద వంటింట్లో అమ్మ నీళ్లు పట్టుకుంటూ ఉంటుందని.

"అమ్మా, ఆ నీళ్లు తాగకు!" అని అరుస్తూ మెట్లు దిగాను. గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది.

జరిగింది ఇదీ. కింది కుళాయి విప్పగానే నిలువు పైపులోని నీళ్లు కిందికి జారాయి. పైనుంచి వచ్చే దారి మూసి ఉంది కాబట్టి, పైపులో ఏర్పడిన ఖాళీ నా బకెట్‌ని పీల్చుకుంది. గాలి ఒత్తిడి నీటిని సుమారు 10 మీటర్ల ఎత్తు దాకా నెట్టగలదు. బకెట్ నుంచి కుళాయి దాకా ఎక్కడం ఎంత పని! 1933లో షికాగోలో హోటళ్ల ప్లంబింగ్‌లో మురుగు ఇలా మంచినీళ్లలో కలిసి అమీబిక్ విరేచనాలు వ్యాపించాయి. 98 మంది చనిపోయారు.

మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఎరువు పోదు. అందుకే పైపుల్లో ఉన్నదంతా పారబోసి, అన్ని కుళాయిలూ చాలాసేపు వదిలి కడిగాం.

నీళ్లను ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ ఒక్కటి పెడితే చాలనుకునేవాణ్ణి. కానీ దాని మూతలో ఇసుక రేణువు ఇరుక్కున్నా పూర్తిగా మూసుకోదు. ఎప్పటికీ పాడవనిది ఖాళీ జాగా. కుళాయి మూతికీ, పాత్ర అంచుకీ మధ్య కుళాయి వ్యాసానికి రెండింతలు, కనీసం 25 మిల్లీమీటర్లు ఉండాలి. వాష్‌బేసిన్ కుళాయి అంత ఎత్తున ఉండేది ఇందుకే. కుళాయికి పైపు తగిలించి నీళ్లలో ముంచితే ఆ రక్షణ పోయినట్టే. ట్యాంక్‌లో నీళ్లు పడే బాల్ వాల్వ్ మూతి కూడా ఓవర్‌ఫ్లో పైపు కంటే పైన ఉందో లేదో చూడండి. కమోడ్ పక్కన ఉండే జెట్ స్ప్రేని లోపలికి వేలాడనివ్వకండి. వీధి పైపుకి నేరుగా మోటార్ బిగిస్తే ఆ లైన్‌లోనే ఒత్తిడి పడిపోయి, పగుళ్ల లోంచి బయటి మురికిని లాగుతుంది. అది మన ఇంటితో ఆగదు, పక్కింటి పిల్లలు తాగే నీళ్లు కూడా అవే. ఈ పని మాత్రం దయచేసి ఎవరూ చేయొద్దు.

మేడ మీది కుళాయికి ఇప్పుడు వాక్యూమ్ బ్రేకర్ బిగించాం. ఒత్తిడి పడిపోతే అది గాలిని లోపలికి వదిలి పీల్చడాన్ని ఆపేస్తుంది. కుళాయి కట్టినప్పుడల్లా కొంచెం నీళ్లు చిమ్ముతుంది. లీకేజీ అనుకుని తమ్ముడు తీసేయబోతే, అది పనిచేసే తీరే అంత అని చెప్పి ఆపాను.